విసిరి పట్టుకునే జట్ల ఆట తయారుచేయాలంటే: బంతి జారితే ఏమవుతుందో ముందు తేల్చుకోండి

నమస్తే మేడమ్.

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది. మీ బడిలో పీఈటీ పోస్టు ఖాళీ, లెక్కలు చెప్పే మీకే ఆటల పీరియడ్ కూడా అప్పగించారు. ఎనిమిదో తరగతిలో 44 మంది, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఉన్నారు. గ్రౌండు తూర్పు పడమరలుగా 45 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 25 మీటర్లు. సామాను గదిలో కొన్ని టెన్నిస్ బంతులు, నాలుగు టెన్నికాయిట్ రింగులు, ఒక పాత వాలీబాల్ దొరికాయి. బంతి తగిలినవాళ్ళు అవుటయ్యే డాడ్జ్‌బాల్ ఆడిస్తే పది నిమిషాల్లోనే సగం మంది అవుటై చెట్టు కింద కూర్చుంటున్నారు. అందుకని విసరడం, పట్టుకోవడం మీదే నడిచే జట్ల ఆట ఒకటి మీరే తయారుచేయాలనుకుంటున్నారు. తర్వాత దాన్ని పక్క బడులతో పోటీగా పెట్టొచ్చా అని కూడా అడిగారు.

చాలా ఏళ్ళుగా పిల్లల్ని ఆడిస్తున్నవాడిగా చెబుతున్నాను. ఆట తయారుచేసేవాళ్ళు సాధారణంగా పాయింట్ ఎలా వస్తుందన్న దగ్గర మొదలుపెడతారు. విసిరి పట్టుకునే ఆటల్లో మాత్రం ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. బంతి చేతిలోంచి జారితే ఏమవుతుంది? బడి పిల్లల ఆటలో బంతి జారడమనేది ఎప్పుడో ఒకసారి జరిగేది కాదు, నిమిషానికి ఎన్నోసార్లు జరుగుతుంది. జారినప్పుడు ఆ పిల్లకి, ఆ జట్టుకి ఏం జరుగుతుందో దాన్నిబట్టే మిగతా ఆటంతా నడుస్తుంది.

మీ డాడ్జ్‌బాల్ సమస్యే చూడండి. ఎవరికి బాగా రాదో వాళ్ళే ముందు అవుటవుతారు. అంటే సాధన ఎక్కువ కావలసినవాళ్ళకి తక్కువ, అక్కర్లేనివాళ్ళకి ఎక్కువ దొరుకుతుంది. పిల్లలు బద్ధకించి పక్కన కూర్చోవడం లేదు, నియమమే వాళ్ళని కూర్చోబెడుతోంది. కాబట్టి మీ ఆటలో 'అవుట్' అనే మాటే వద్దు. అలాగని బంతి జారినా ఏమీ కాకుండా వదిలేస్తే ఆటలో టెన్షన్ ఉండదు, రెండో రోజుకే పిల్లలకి విసుగొస్తుంది. ఈ రెంటికీ మధ్య సరైన చోటు, బంతి కింద పడితే పడ్డచోటే అవతలి జట్టుకు ఇచ్చేయడం. 1968లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఒక హైస్కూలు పిల్లలు మొదలుపెట్టిన అల్టిమేట్ అనే డిస్క్ (ఫ్రిస్బీ) ఆటలో ఇదే పద్ధతి. డిస్క్ నేలను తాకితే చేతులు మారుతుంది, మనిషి మాత్రం ఆటలోనే ఉంటాడు. నష్టం జట్టుకి పడుతుంది, పైగా మరుక్షణమే దాన్ని తిరిగి సంపాదించుకునే అవకాశం ఉంటుంది.

ఆట తయారుచేయడం ఎలాగో నేర్చుకోవాలంటే నాకు తెలిసిన మంచి ఉదాహరణ బాస్కెట్‌బాల్ పుట్టిన తీరు. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడికి ఒక క్లాసు అప్పగించారు. చలికాలం, బయట ఆడే వీల్లేదు, క్లాసులో 18 మంది ఓపిక లేని యువకులు. తెలిసిన ఆటల్ని గదిలోకి తెచ్చి చూస్తే కొట్టుకోవడం, పడేయడం తప్పలేదు. అప్పుడాయన వేసుకున్న ప్రశ్న చాలా గొప్పది: బంతిని చేత్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో మనిషిని పట్టుకుని ఎందుకు పడేస్తారు? బంతి పట్టుకుని పరుగెత్తుతాడు కాబట్టి. మరి పరుగునే ఆపేస్తే పడేయాల్సిన అవసరమే ఉండదు కదా. అలా బంతి చేతిలో ఉన్నవాడు నిలబడ్డచోటి నుంచే విసరాలన్న నియమం వచ్చింది. రెండో ప్రశ్న గోలు గురించి. గోలు నేల మీద నిలువుగా ఉంటే బలంగా విసిరినవాడిదే గెలుపు, ఎదుటివాడికి దెబ్బలు. చిన్నప్పుడు కెనడాలో ఆయన ఆడిన ఒక ఆటలో బండ మీది రాయిని గురిచూసి కొట్టాలి. అందులో గట్టిగా విసరడం కంటే మెల్లగా, ఎత్తుగా వేసినవాళ్ళకే లాభం. అది గుర్తొచ్చి గోలుని తలకంటే ఎత్తులో, నోరు పైకి ఉండేలా పెట్టాడు. పండ్ల బుట్టలు కట్టాడు. ఇక బలంగా విసరడం వల్ల ఉపయోగమే లేకుండా పోయింది.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే ఆయన "కొట్టుకోకండి" అని నియమం రాసి అక్కడితో సరిపెట్టలేదు. కొట్టుకోవడానికి కారణమేదో వెతికి దాన్ని తీసేశాడు. మీరు ఆట రాసేటప్పుడు "గట్టిగా విసరకూడదు", "తోసుకోకూడదు", "అందరికీ ఇవ్వాలి" లాంటి వాక్యాలు రాస్తుంటే ఒకసారి ఆగి, అసలు పిల్లలకు అలా చేయాలని ఎందుకు అనిపిస్తోందో చూడండి. అది ఆట కొలతల్లోనో, పాయింట్ల లెక్కలోనో కనిపిస్తుంది.

మీరు లెక్కల టీచర్ కాబట్టి ఇంకో సంగతి వివరంగా చెబుతాను. విసిరి పట్టుకునే ఆటకు మూలధనం బంతి గాలిలో ఉండే సమయం. మన ఆడపిల్లలు అచ్చంగిల్లాలు ఆడేటప్పుడు చూడండి. ఒక రాయి పైకి ఎగరేసి, అది దిగేలోపు కింద ఒకటో, రెండో, మూడో రాళ్ళు ఏరి, మళ్ళీ దాన్ని పట్టుకోవాలి. ఎక్కువ రాళ్ళు ఏరాలంటే ఇంకొంచెం ఎత్తుకు వేయాలి, ఎత్తుకు వేస్తే పట్టుకోవడం కష్టం. ఆట మొత్తం ఈ బేరం మీదే నడుస్తుంది. మైదానంలోనూ అంతే. చేతి మీద నుంచి 1 మీటరు పైకి లేచి మళ్ళీ అదే ఎత్తుకు దిగే బంతి గాలిలో దాదాపు 0.9 సెకను ఉంటుంది. 3 మీటర్లు లేస్తే 1.56 సెకన్లు, 5 మీటర్లు లేస్తే 2 సెకన్లు. ఎత్తు నాలుగింతలైతేనే సమయం రెండింతలవుతుంది.

ఇప్పుడు 9 మీటర్ల దూరానికి పాస్ వేస్తున్నారనుకోండి. సెకనుకు 15 మీటర్ల వేగంతో నేరుగా విసిరితే 0.6 సెకనులో అందుతుంది. చూసి, గుర్తించి, చెయ్యి కదపడానికే 0.2 సెకను పైగా పోతుంది కాబట్టి బాగా అలవాటున్నవాళ్ళు తప్ప దాన్ని పట్టలేరు. అదే దూరానికి 45 డిగ్రీల కోణంలో ఎత్తుగా వేస్తే బంతి చేతి ఎత్తు కంటే రెండుంపావు మీటర్లు పైకి లేచి, దాదాపు 1.35 సెకన్లు తీసుకుంటుంది. పట్టేవాళ్ళకి అడుగు సర్దుకునే టైమ్ దొరుకుతుంది, ఎదుటి జట్టువాళ్ళకి పరుగెత్తి అడ్డుపడే టైమూ దొరుకుతుంది. రెండు జట్లకీ ఒకేసారి పని దొరికితేనే ఆట రక్తి కడుతుంది. అందుకని మీ ఆటలో బంతి ఎత్తుగా, నిదానంగా వెళ్ళడమే లాభంగా ఉండాలి. దానికి తేలిక మార్గం, విసురు ఎప్పుడూ చెయ్యి కిందుగా ఊపి వేయాలని పెట్టడం. భుజం మీద నుంచి విసిరితే బంతి అవతలి జట్టుకు. ఈ నియమాన్ని ఎంత దూరం నుంచైనా కంటితో చూసి చెప్పొచ్చు, వాదన రాదు.

ఇక ఆట. మీ స్థలానికీ, మీ సంఖ్యకీ సరిపడేలా ఒక నమూనా ఇస్తున్నాను. దీని మూల నియమాలు కొత్తవేమీ కావు, బాస్కెట్‌బాల్‌లాంటి నెట్‌బాల్‌లో, అల్టిమేట్‌లో ఉన్నవే. మీ పిల్లలకి తగ్గట్టు మార్చుకోండి.

ఒక్కో కోర్టు 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. పొద్దున ఆడినా సాయంత్రం ఆడినా ఏ జట్టూ సూర్యుడికి ఎదురుగా చూస్తూ బంతి పట్టాల్సిన అవసరం ఉండకూడదు. మీ గ్రౌండులో ఇలాంటివి మూడు పక్కపక్కనే పడతాయి: మూడు పన్నెండ్లు 36, మధ్యలో మూడేసి మీటర్ల ఖాళీలు రెండు, మొత్తం 42. ఆ ఖాళీలు తప్పనిసరి, బంతి కోసం పైకి చూస్తూ వెనక్కి నడిచేవాళ్ళు పక్క కోర్టులోకి పోతారు.

కోర్టుకు రెండు చివర్లా 3 మీటర్ల లోతున సున్నంతో గీత గీయండి. ఆ పట్టీని 'ఇల్లు' అందాం. మధ్యలో 14 మీటర్లు మిగులుతుంది, దాని నడుమ ఒక గీత. జట్టుకు ఏడుగురు. ఐదుగురు మధ్యలో, ఇద్దరు ఎదుటి చివర ఇంట్లో. మధ్యలో ఉన్నవాళ్ళు బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ముందుకు వెళ్ళి, ఇంట్లో ఉన్న తమవాళ్ళకి విసరాలి. ఇంట్లో ఉన్నవాళ్ళు దాన్ని నేల తాకకుండా పట్టుకుంటే పాయింట్. నడి గీతకు ఇవతల, అంటే తమ సగంలోంచి వేసిన విసురు చెల్లితే 2, గీత దాటాక దగ్గర నుంచి వేస్తే 1. ఇంట్లోకి ఎదుటి జట్టువాళ్ళు అడుగుపెట్టకూడదు, కానీ గీతకు ఇవతల చేతులెత్తి నిలబడొచ్చు. బంతి చేతిలో ఉంటే నడవకూడదు, ఒక కాలు నాటి రెండోది తిప్పుకోవచ్చు. ఎక్కువసేపు పట్టుకుని కూర్చోకూడదు, మూడు లెక్కపెట్టేలోపు వదలాలి. లెక్క ఎదుట నిలబడ్డవాళ్ళే పైకి పెట్టాలి. నెట్‌బాల్‌లోనూ, మన అమ్మాయిలు ఆడే త్రోబాల్‌లోనూ ఈ మూడు సెకన్లే. మొదట్లో మీ పిల్లలకు ఐదు ఇచ్చినా తప్పులేదు.

ఇంటి లోతు 3 మీటర్లే ఎందుకంటే, ఎనిమిదో తరగతి పిల్లాడు చేతులెత్తితే దాదాపు రెండు మీటర్లు అందుతుంది. వాడి మీదుగా దాటిన బంతి 45 డిగ్రీల వాలులో దిగి ఛాతీ ఎత్తుకు వచ్చేసరికి గీత నుంచి మీటరు లోపలికి చేరుతుంది. మిగిలిన రెండు మీటర్లు పట్టేవాళ్ళు ముందుకూ వెనక్కూ జరగడానికి. ఇంటిని మీటరు లోతే పెట్టారనుకోండి, ఎత్తుగా వేసినవన్నీ బయట పడతాయి. అప్పుడు పిల్లలు అడ్డంగా, గట్టిగా విసరడం మొదలుపెడతారు, మీరు ఎంత మొత్తుకున్నా ఆగరు. అదే ఐదు మీటర్లు పెడితే ఎలా వేసినా పాయింటే, అడ్డుకునేవాళ్ళకి ఉత్సాహం పోతుంది.

ఇప్పుడు అసలు సమస్య. అవుట్ తీసేసినంత మాత్రాన అందరూ ఆడినట్టు కాదు. బంతి జారవిడిచే పిల్లకి రెండోసారి ఎవరూ పాస్ ఇవ్వరు. ఆమె కోర్టులోనే ఉంటుంది, కానీ ఆటలో ఉండదు. చెట్టు కింద కూర్చోవడం కంటే ఇది ఇంకా బాధగా ఉంటుంది, ఎందుకంటే అందరి ముందూ నిలబడి ఉండాలి. దీనికి చాలామంది పెట్టే నియమం "పాయింట్ వేసేముందు బంతి అందరి చేతుల్లోంచీ వెళ్ళాలి" అని. నేను దీన్ని వద్దంటాను. ఆ నియమం వల్ల బాగా రాని పిల్ల జట్టుకు అడ్డంకిగా కనిపిస్తుంది. మొక్కుబడిగా బంతి ఆమె చేతిలో పెట్టి వెంటనే లాక్కుంటారు. ఎదుటి జట్టు కూడా ఆమె ఒక్కదాని చుట్టూ చేరుతుంది.

దీనికి బదులు రెండు చిన్న నియమాలు పెట్టండి. ఒకటి, బంతి ఇచ్చినవాళ్ళకే వెంటనే తిరిగి ఇవ్వకూడదు. ఇద్దరు నేర్పరులు ఒకరికొకరు ఆడుకుంటూ పోవడం దీంతో ఆగిపోతుంది, మూడో మనిషి కోసం వెతకాల్సిందే. రెండు, పాయింట్ తెచ్చిన విసురు వేసినవాళ్ళు ఇంట్లోకి వెళ్ళాలి, దాన్ని పట్టినవాళ్ళు మధ్యలోకి రావాలి. జట్టులో అందరికంటే బాగా విసిరేవాడు పాయింట్ వేయగానే పట్టేవాడవుతాడు. ఇక వాడికి పాయింట్ రావాలంటే మిగతావాళ్ళు బాగా విసరాలి. తన అవసరం కొద్దీ వాడే పక్కవాళ్ళకి ఎలా విసరాలో నేర్పడం మొదలుపెడతాడు. 1902లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నికో బ్రూక్‌హ్యూసెన్ అనే బడి ఉపాధ్యాయుడు అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడటానికి తయారుచేసిన కార్ఫ్‌బాల్‌లో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. అందులో ప్రతి రెండు గోల్స్‌కీ కోర్టులో రెండు భాగాలవాళ్ళూ చోట్లు మారతారు, దాడి చేసేవాళ్ళు కాపలాకి వస్తారు. ఎప్పుడూ ఒకే పనికి ఎవరూ అతుక్కుపోరు. ఒకవేళ మీ ఆటలో పాయింట్లు తక్కువ వస్తుంటే ఇంట్లో ఉన్నవాళ్ళు అక్కడే ఉండిపోతారు కాబట్టి, మూడు నిమిషాలకొకసారి విజిల్ వేసి ఇంట్లో ఇద్దరినీ మార్చేయండి.

అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి ఆడటం గురించి మీరు సంకోచిస్తూ రాశారు. ఒంటికి తగిలే అవకాశమే లేని ఆటలో ఆ ఇబ్బంది చాలావరకు ఉండదు. నెట్‌బాల్‌లో బంతి ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళు 0.9 మీటరు దూరం పాటించాలి. మీరు "చెయ్యి చాపినంత దూరం" అని పెట్టండి, పిల్లలు తేలిగ్గా కొలుచుకుంటారు. చేతిలో ఉన్న బంతిని లాక్కోకూడదు, గాలిలో ఉన్నదాన్నే పట్టాలి. ఇద్దరూ ఒకేసారి పట్టుకుంటే బంతి విసిరిన జట్టుదే. అల్టిమేట్‌లో ఇలాగే చేస్తారు, పెనుగులాట మొదలవకముందే ముగిసిపోతుంది.

గుద్దుకోవడం మాత్రం నిజమైన ప్రమాదం. ఇద్దరూ పైకి చూస్తూ ఒకే బంతి కోసం వస్తారు, తలలు తగులుతాయి. దీనికి "జాగ్రత్త" అని ఎన్నిసార్లు చెప్పినా లాభం ఉండదు, భద్రతను పాయింటుతో ముడిపెట్టండి. ఇంట్లో ఉన్న ఇద్దరిలో పట్టబోయేవాళ్ళు ముందుగా "నాది" అని గట్టిగా అరవాలి, అరవకుండా పట్టుకుంటే పాయింట్ లేదు. రెండు పీరియడ్లలోనే ఇది అలవాటైపోతుంది. మధ్యలో ఆడేటప్పుడు కూడా, మీరు చెప్పకుండానే, అరవడం మొదలుపెడతారు.

బంతి ఎంపిక మీద చాలామంది శ్రద్ధ పెట్టరు. వాలీబాల్ పక్కన పెట్టేయండి, అలవాటు లేని వేళ్ళకి తగిలి బెణుకుతుంది. టెన్నిస్ బంతి 60 గ్రాముల లోపే ఉంటుంది, దెబ్బ తగలదు, చేతిలో ఇముడుతుంది. కానీ జారితే గెంతుకుంటూ దూరం పోతుంది. జారిన ప్రతిసారీ పది సెకన్లు దాని వెంట పరుగెత్తడానికి పోతే, 40 నిమిషాల పీరియడ్లో హాజరు, వరుసలు, నీళ్ళు పోగా మిగిలిన 25 నిమిషాల్లో నిజంగా ఆడేది ఎంత? అందుకే మొదటి వారం గుడ్డ బంతితో మొదలుపెట్టండి. పాత సాక్సులో గుడ్డ ముక్కలు గట్టిగా కుక్కి, మూతి మడిచి దారంతో కుట్టేయమంటే పిల్లలే ఇంటి దగ్గర తయారుచేసుకొస్తారు. జారినా పడ్డచోటే ఉంటుంది, చేతికి నొప్పి తెలియదు, భయంతో కళ్ళు మూసుకునే పిల్లలు కూడా చేతులు చాపుతారు. ముదురు నారింజో పసుపో రంగు గుడ్డ పైన చుడితే చెట్ల ముందు, ఎర్రమట్టి ముందు స్పష్టంగా కనిపిస్తుంది. కంటిచూపు కాస్త తక్కువున్న పిల్లలకి ఇది పెద్ద సాయం.

తర్వాత టెన్నిస్ బంతికి మారినప్పుడు కష్టం ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి అప్పుడు ఇంకోచోట సడలించండి. గల్లీ క్రికెట్‌లో 'వన్ పిచ్' క్యాచ్, అంటే ఒక్కసారి నేల తాకి లేచిన బంతిని పట్టడం, మన పిల్లలందరికీ తెలుసు. మధ్యలో పాస్‌లకి వన్ పిచ్ చెల్లుతుందని పెట్టండి, పాయింటుకి మాత్రం నేరుగా పట్టాల్సిందే. కుదిరాక ఆ సడలింపు తీసేయండి. రింగుల విషయానికొస్తే, టెన్నికాయిట్ రింగు ఒక చేత్తో విసరడానికీ పట్టడానికీ చాలా బావుంటుంది, కాకపోతే దానికి మణికట్టు తిప్పడం కాస్త రావాలి. నాలుగున్నాయి కాబట్టి ఒక కోర్టులో రింగుతో ఆడించి చూడండి. అదే ఆట పూర్తిగా వేరేలా మారిపోవడం పిల్లలకి భలే సరదాగా ఉంటుంది.

ఇక ఆట బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? పిల్లల్ని "బాగుందా?" అని అడిగితే "బాగుంది మేడమ్" అనే అంటారు. అడగకండి, లెక్కపెట్టండి. మూడు కోర్టులకి 42 మంది పోగా ఇద్దరు మిగులుతారు కదా, వాళ్ళకి పలకో అట్టో ఇచ్చి ఒక కోర్టు అప్పగించండి. ఒకరు ప్రతి విసురుకీ పట్టారా, జారిందా అని గీతలు పెడతారు. ఇంకొకరు ఒక జట్టులో ఒక్కొక్కరి పేరు పక్కన, బంతి వాళ్ళ చేతికి వచ్చిన ప్రతిసారీ గీత పెడతారు. ఐదు నిమిషాలు చాలు, తర్వాత వాళ్ళు ఆటలోకి వెళ్ళి వేరే ఇద్దరు వస్తారు. పదిలో ఏడు దాకా పట్టుకోగలుగుతుంటే కష్టం సరిపోయింది. తొమ్మిది పట్టుకోగలుగుతుంటే దూరం పెంచండి లేదా బంతి మార్చండి. సగం కూడా పట్టకపోతే దగ్గరకు తీసుకురండి. ఈ ఏడు అన్నది నా అనుభవంలోంచి వచ్చిన అంచనా, మీ పిల్లల్ని బట్టి అటూ ఇటూ జరపండి. రెండో పట్టిక ఇంకా ముఖ్యం. ఒకరి పేరు పక్కన పదిహేను గీతలు, ఇంకొకరి పక్కన ఒక్కటే ఉంటే ఆ తేడా నియమంలోంచే వస్తోంది. ఏ నియమమో వెతకండి, ఆ పిల్లని మందలించకండి.

మార్చేటప్పుడు ఒకసారికి ఒక్క నియమమే మార్చండి. బంతినీ దూరాన్నీ పాయింట్లనీ ఒకేరోజు మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. మొదటి రోజున నియమాలన్నీ చెప్పొద్దు కూడా. బంతితో నడవకూడదు, కింద పడితే అవతలివాళ్ళకి, ఇంట్లో పట్టుకుంటే పాయింట్: ఈ మూడే చెప్పి వదిలేయండి. పావుగంటలో ఎవడో ఒకడు మూడు నిమిషాలు బంతి పట్టుకుని నిలబడతాడు, అందరూ గోల చేస్తారు. అప్పుడు ఆపి, దీనికి ఏం నియమం పెడదామని వాళ్ళనే అడగండి. తాము పెట్టుకున్న నియమాన్ని పిల్లలు తామే కాపాడుకుంటారు. ఒకే విషయం మీద మూడుసార్లు గొడవ వచ్చిందంటే అక్కడ నియమం లేదని అర్థం, పిల్లల తప్పు కాదు.

మూడు కోర్టులకి మీరు ఒక్కరే. కాబట్టి అంపైరింగ్ వాళ్ళే చేసుకోవాలి. అల్టిమేట్‌లో ఆటగాళ్ళే ఫౌల్ చెప్పుకుని తేల్చుకుంటారు. తేలకపోతే డిస్క్ చివరగా విసిరినవాళ్ళకి తిరిగిస్తారు, ఆ విసురు జరగనట్టే లెక్క. మీరూ ఇదే పెట్టండి. పది లెక్కపెట్టేలోగా ఒప్పుకోకపోతే బంతి విసిరినవాళ్ళకి. ఎంత వాదించినా వచ్చేది అదే అని తెలిశాక వాదనలు వాటంతట అవే తగ్గుతాయి.

నేల సంగతి మర్చిపోవద్దు. ఆడించే ముందు పిల్లలంతా ఒక వరుసలో నిలబడి గ్రౌండు ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిచి, రాళ్ళు, గాజు ముక్కలు ఏరాలి. ఇంటి వెనక కనీసం రెండు మీటర్లు ఖాళీ ఉండాలి, గోడ గానీ చెట్టు వేరు గానీ ఉండకూడదు. మీ 25 మీటర్లలో 20 మీటర్ల కోర్టు పోగా రెండువైపులా రెండున్నర చొప్పున మిగులుతుంది, సరిపోతుంది. ఒంటిపూట బడుల రోజుల్లో ఆటల పీరియడ్ని ఎండెక్కకముందుకి మార్పించుకోండి, ఐదేసి నిమిషాల ఆటలు పెట్టి మధ్యలో నీళ్ళు తాగించండి. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లో, పరుగెత్తలేని పిల్లాడో ఉంటే ఇంట్లో పట్టేవాళ్ళ చోటు వాళ్ళకి బాగుంటుంది. కానీ అక్కడే ఉండిపోవాలని నియమం పెట్టకండి. మధ్యలోకి రావాలనుకుంటే వాళ్ళకి లెక్క మూడుకి బదులు ఆరు ఇవ్వండి.

పక్క బడులతో పోటీ సంగతి అడిగారు. పెట్టొచ్చు, కానీ తొందరపడొద్దు. మీ పిల్లలు ఒక టర్మ్ ఆడాక నియమాలన్నీ ఒక పేజీలో పట్టేలా, కోర్టు బొమ్మతో సహా వాళ్ళ చేతే రాయించండి. పేరు కూడా వాళ్ళనే పెట్టనివ్వండి. ఆ కాగితాన్ని ఈ ఆట ఎప్పుడూ చూడని పక్క ఊరి టీచర్‌కి పంపండి. ఫోన్లో ఏమీ వివరించకండి, వీడియో పంపకండి. వారం తర్వాత వెళ్ళి వాళ్ళ పిల్లలు ఎలా ఆడుతున్నారో మాట్లాడకుండా చూడండి. వాళ్ళు వేరేలా ఆడుతున్నచోటల్లా మీ కాగితంలో ఏదో వాక్యం సరిగ్గా లేదన్నమాట. కొన్నిచోట్ల వాళ్ళు ఆడే పద్ధతే మీదానికంటే బాగుంటుంది, మొహమాటం లేకుండా తీసుకోండి. అలా సరిదిద్ది రాసిన రెండో కాగితంతో రెండు బడులూ ఒకేలా ఆడగలిగినప్పుడు పోటీ తేదీ పెట్టుకోండి. జట్టులో అబ్బాయిలు ఎందరు, అమ్మాయిలు ఎందరు, ఏ బంతి వాడాలి అన్నవి మాత్రం ముందే రాసుకోవాలి, లేకపోతే ఆ ఉదయమంతా వాటి మీద చర్చతోనే గడిచిపోతుంది.